పాత ఫోను, మేనమామ ఒడి

తిరుపతి,
24 అక్టోబర్ 2025

నరేంద్రన్నకు,

ఫోను చేతిలో పెట్టుకుని కాగితం మీద రాస్తున్నానంటే నా కోపం ఏపాటిదో నువ్వే తెలుసుకో. పనీరు దింపడానికి రోజూ తిరుపతికి వచ్చే మీ పాలకేంద్రం వ్యాను గంగాధరానికి ఇస్తున్నాను. పాలకేంద్రంలో నీ చేతికే ఇవ్వమన్నాను. కాగితమైతే చూడలేదని తప్పించుకోవడానికి వీలుండదు కదా.

నెలరోజులుగా నేను పెట్టిన మెసేజీలన్నీ నువ్వు చదివావు. చదివినట్టు ప్రతిదాని కిందా గుర్తు పడింది. ఒక్కదానికీ పలకలేదు. మన పద్ధతి గుర్తుందా, అదీ మరిచిపోయావా? నేను ముందుగా నీకు ఫోన్ చేయను, పక్కన నాయన ఉంటాడని. "అన్నా, తీరికేనా" అని ఒక్క ముక్క పెడతాను. నువ్వు పాలకేంద్రం వెనకకు పోయి నాకు చేస్తావు. నాలుగేళ్ళుగా మనకు ఇదే దారి. వాట్సాప్ కూడా వద్దన్నది నువ్వే. కుటుంబం గ్రూపులోంచి నన్ను తీసేసిన రోజున ఏమన్నావు? "దాన్ని నాయన తెరుస్తాడు రూపా. మన ఇద్దరివీ ఒగే కంపెనీ ఫోన్లు. వీటి మెసేజీల్లోకి ఆయప్ప రాడు. దీంట్లోనే మాట్లాడుకుందాం" అన్నావు. నమ్మాను.

నేను ధనశేఖర్‌ను చేసుకున్నప్పుడు నాయన అన్న మాట నీకు చెప్పనక్కర్లేదు. "ఆయమ్మి పేరు ఈ ఇంట్లో ఎవురన్నా ఎత్తితే ఆ పూటే నేను లేసి పోతా." ఆయన మాట మీద నిలబడ్డాడు. ఆయన కూతురిని, నేనూ నిలబడ్డాను. మధ్యలో నువ్వొక్కడివి ఉన్నావనే ధైర్యంతో.

విషయం ఇదీ. నవంబర్ 16 ఆదివారం మా చిన్నబ్బకు కొండమీద పుట్టెంట్రుకలు తీయిస్తున్నాం. మూడో ఏడు దాటకముందే కావాలి. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తీయించాలి కదా. మా అత్త రుక్మిణమ్మ నవ్వుతూనే అంది: "మీ పుట్టింటోళ్ళు పలకరని తెలిసిందే గదమ్మా. మా తమ్ముడుండాడు. పిల్లోడికి ఒడి కావాల గానీ ఎవురిదైతే ఏమి?"

ఎవరిదైతే ఏమి అట! అన్నా, పుట్టిల్లు అంటే నాకు నువ్వే. ఆ రోజు ఇంకొకరి ఒడిలో నా బిడ్డను కూర్చోబెడితే, నాకు పుట్టిల్లు లేదని నలుగురిలో నేనే ఒప్పుకున్నట్టు. వస్తావా, రావా? ఒక్క మాట రాయి.

నీ చెల్లెలు,
రూపశ్రీ

తా.క. చిన్నబ్బకు దగ్గు తగ్గలేదు. అదీ నీకు రాశాను. అదీ చదివావు.


పలమనేరు,
27 అక్టోబర్ 2025

రూపమ్మకు,

నీ కాగితం అందింది. నాకు రాసేది రాదు, మాట్లాడినట్టే రాస్తాండా. తప్పులుంటే నువ్వే దిద్దుకో.

యా మెసేజీలు? నాకు ఒగటీ రాలేదు. నేనే నీకు మూడు తూర్లు పెట్టినా. ఫోను మార్చినానని పెట్టినా. దసరాకు పెట్టినా. పిల్లోడు ఎట్లుండాడని పెట్టినా. నువ్వు బెల్లం కొట్టిన రాయి మాదిరి ఉండిపోతివి. చెల్లెలు మొగుడింట్లో పెద్దదైపోయింది, ఇంగ మనమెందుకులే అనుకొని నేనూ గమ్మునుండిపోయినా.

ఫోను సంగతి చెప్తా విను. తొమ్మిదేండ్లు ఆ కంపెనీదే వాడినా గదా. మా పాలకేంద్రంలో వెన్న కొలిచే కొత్త మిషను పెట్టినారు. అది ఆండ్రాయిడ్ ఫోనుతో తప్ప మాట్లాడదంట. సరే అని మారినా. మారినాక తెలిసింది కష్టం. అత్తారింటికి పోయిన కొత్త కోడలి బతుకైపోయింది నాది. ఉప్పు యాడుండాదో తెలీదు, పప్పు యాడుండాదో తెలీదు. వెనక్కి పోదామని నొక్కితే ఇంగేందో తెరుచుకుంటాది. ఫోటోలు సగమే వచ్చినాయి. అమ్మవి ఒగటీ రాలేదు. పాత ఫోన్లోనే ఉండిపోయినాయి.

అదట్లుండనీ. మీ అత్త తమ్ముడి టిఫిన్ సెంటర్లో పనీరు దించతా ఉంటే ఆయప్పే గంగాధరంతో చెప్పినాడంట, "మా అక్క మనవడికి నా ఒడే" అని. ఊరంతా తెలిసినాక నాకు కాగితం రాసినావు. అన్నీ మీరే తేల్చుకొని పేరుకు నన్ను పిలుస్తాండావా? పిలవని పేరంటానికి పోయే రకం కాదు నేను.

నీ కాగితం చదివి ఫోను తీసినా. మళ్ళా జేబులో పెట్టేసినా. మాట్లాడితే తిడతా. తిడితే నువ్వు ఏడుస్తావు. పక్కన మీ అత్త ఉంటాది. కాగితమే మేలు.

మాకింగా బిడ్డల్లేరు రూపా. నా ఒడిలో కూసోవాల్సిన మొదటి బిడ్డ వాడే అనుకొని ఉంటి.

నరేంద్ర


తిరుపతి,
30 అక్టోబర్ 2025

అన్నకు,

నీ ఉత్తరాన్ని గంగాధరం మా అత్త చేతికిచ్చి పోయాడు. ఆమె విప్పలేదు. కానీ "మీ యన్నకు ఫోను ల్యాదా?" అని అడిగింది. ఏం చెప్పమంటావు?

నీ మూడు మెసేజీలూ నాకు అందాయి. మూడింటికీ అప్పటికప్పుడే జవాబిచ్చాను. కొత్త ఫోను కలిసొచ్చిందా అన్నాను. పక్కింటి బొమ్మల కొలువులోంచి ఏనుగును ఎత్తుకుని చిన్నబ్బ పరిగెత్తుతున్న ఫోటో పంపాను. నవ్వుతావనుకున్నాను. ఆ తరవాత పుట్టెంట్రుకల సంగతి రాశాను, తేదీ రాశాను, బతిమాలాను. అన్నీ చదివినట్టే గుర్తు. నువ్వేమో ఒక్కటీ రాలేదంటావు. నా ఫోను అబద్ధమాడదు అన్నా. మనుషులే ఆడతారు.

నీ ఉత్తరం చదివాక ఆ గుర్తుల వేళలు చూశాను. అన్నీ మధ్యాహ్నం అన్నాలైనాక చదివినవే. ఆ వేళకు నువ్వు పాల లెక్కలకని చిత్తూరు పోయి ఉంటావు. ఇంట్లో ఉండేదెవరు? నాయన సంగతి వదిలేయ్, నా పేరు కనిపిస్తే ఫోను గోడకేసి కొడతాడు. మిగిలింది వదిన.

పాత ఫోను ఏం చేశావు? వదినకిచ్చావు, అవునా? నా పట్టుచీర ఒక పెళ్ళికని కట్టుకుపోయి ఇంతవరకూ తిరిగివ్వని మనిషి, నా మాటలు మాత్రం తిరిగిస్తుందా? నేను రాకపోకలు మొదలుపెడితే ఆ ఇంట్లో తన మాట సాగదని భయమేమో. నా పుట్టింటి వాకిలి తాళం ప్రసన్నకుమారి కొంగున ఉందని ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు.

అత్త తమ్ముడి సంగతి నిజమే. ఆమె అందరికీ చెప్పుకుంటోంది. నేనింకా సరే అనలేదు. నీ జవాబు చూసి అంటాను.

రూపశ్రీ


పలమనేరు,
3 నవంబర్ 2025

రూపశ్రీకి,

నీ కాగితం తీసుకపోయి ప్రసన్న ముందర పెట్టినా. పెట్టకూడదు. కోపంలో పెట్టేసినా. ఆయమ్మి మొత్తం చదివింది. అన్నం వండి, నాయనకు పెట్టి, గిన్నెలు కడిగి, సంచి ఎత్తుకొని పుంగనూరికి వాళ్ళమ్మ ఇంటికి పోయింది. బస్టాండు దాకా ఎనకాలే పోతి. తిరిగి చూడలేదు. నీ కడుపు చల్లబడిందా?

ఆయమ్మి ఆ ఫోను తాకను గూడా తాకలేదు. అది నాయన దగ్గరుండాది. అమ్మ ఫోటోలు దాంట్లోనే ఉండాయి గదా, చూసుకోనీలే అని ఇచ్చినా. సిమ్ము తీసేసినా. లాకు తీసేసినా. ఇంటి వైఫైతో అన్నమయ్య పాటలు వింటా మంచం మీద పండుకోనుంటాడు. సిమ్ము లేని ఫోనుకు మెసేజీలు యాడ నుంచి వస్తాయి? వచ్చేదుంటే నాకు రావాల. నాకు రాలేదు. ఇంగ అబద్ధం ఎవురిదో నువ్వే చెప్పు.

నాయన గూడా ఈ మధ్య ఒగ తీరుగా ఉండాడు. పోయిన వారం ప్రసన్నను పిలిచి, పసిపిల్లోళ్ళ దగ్గుకు తమలపాకు వెచ్చజేసి ఎదమీద ఏస్తే చాలునా, ఇంగేమన్నా పెట్టాల్నా అని అడిగినాడంట. బిడ్డల్లేని కోడల్ని అడిగే మాటేనా అది? ఆయమ్మి వంటింట్లోకి పోయి ఏడిచింది. మొన్నేమో అమ్మ పెట్టె తెరిచి, నా చిన్నప్పటి ఎండి మొలతాడు తీసి, ఆచారి దగ్గర మెరుగు పెట్టించుకొని వచ్చినాడు. ఎవురికి నాయనా అంటే, "మాసిపోయుండాది, ఊరికే" అన్నాడు. వయసు మీద పడింది. ఆయనకు అన్నం ఎట్ల వండిపెట్టాల్నో తెలీక నేను అవస్థ పడతా ఉంటే నీ కాగితాలొగటి.

నేను రాను. నా పెండ్లాం మీద దొంగతనం మోపినావు. మీ అత్త తమ్ముడినే కూసోబెట్టుకో.

నరేంద్ర


తిరుపతి,
6 నవంబర్ 2025

అన్నా,

నీ ఉత్తరం మొదటిసారి చదివి చించబోయాను. రెండోసారి ఒక్క వరుస దగ్గర ఆగి, దాన్నే మళ్ళీ మళ్ళీ చదువుతూ వాకిట్లోనే కూర్చున్నాను. మా అత్త వచ్చి, "యాడన్నా చావు కబురా?" అని అడిగింది.

మొలతాడు ఎవరూ ఊరికే మెరుగు పెట్టించుకోరు అన్నా.

తమలపాకు వేసినా చిన్నబ్బకు దగ్గు తగ్గడం లేదని నీకు మెసేజి పెట్టాను. నీ చిన్నప్పటి వెండి మొలతాడు అమ్మ పెట్టెలో ఉండాలి, పుట్టెంట్రుకల నాడు కట్టడానికి తెస్తావా అని ఇంకోటి పెట్టాను. ఈ రెండూ నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ధనశేఖర్‌కు కూడా చెప్పలేదు. శ్రీసిటీ నుంచి కంపెనీ బస్సు దిగేసరికే ఆయనకు నిద్ర తూగుతూ ఉంటుంది. మరి ఆ రెండు సంగతులూ మీ ఇంటికి ఎలా వచ్చాయి?

నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్లు చూసే ఆమెను అడిగాను. నువ్వు సిమ్ము తీసేసినా, ఆ కంపెనీ వాళ్ళ దగ్గర నీ నెంబరు ఇంకా పాత ఫోను పేరు మీదే ఉందట. నాదీ అదే కంపెనీ ఫోను కనక, నేను పంపినవన్నీ వైఫై మీద అటే పోతాయట. నువ్వు పెట్టినవి నాకు మామూలుగా వస్తాయి. నా జవాబులు మాత్రం నీకు రావు. నువ్వు అబద్ధమాడలేదు. నేనూ ఆడలేదు. వదిన పాపం అసలే లేదు. నా నోరు పడిపోను. నువ్వు ఊ అంటే ఈ ఆదివారమే పుంగనూరు పోయి వదిన కాళ్ళు పట్టుకుంటాను.

ఇప్పుడు నా భయం వేరే. నేను నీకని రాసినవి ఆయన చదివాడు. అన్నీ. మా అత్త సూటిపోటి మాటలు పడలేక ఒక సాయంత్రం నీకు ఏం రాశానో తెలుసా? "నాయన ఉన్నాడో లేడో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. చిన్నబ్బ అడిగితే తాత లేడనే చెప్తాను" అని రాశాను. దాని కింద కూడా గుర్తు పడింది. దాన్ని చదివిన మనిషి, ఆ తరవాత పోయి మొలతాడు మెరుగు పెట్టించాడు.

ఆయన్ను తిట్టొద్దు. ఫోను లాక్కోవద్దు. నువ్వు ఆయన దగ్గర కూర్చుని, ఏం జరిగిందో కనుక్కుని నాకు రాయి. ఒడి సంగతి తరవాత.

రూప


పలమనేరు,
10 నవంబర్ 2025

రూపా,

నీ కాగితం వచ్చేసరికే ప్రసన్న ఇంట్లో ఉండాది. పిలుచుకొచ్చింది నేను గాదు, నాయన.

ఇన్నేండ్లలో బజారు దాటి ఒంటిగా పోయిన మనిషి గాదు. నాకు చెప్పకుండా బస్సెక్కి పుంగనూరు పోయినాడు. వాళ్ళింటి లోపలికి గూడా పోలేదంట. గేటు కాడే నిలబడుకొని, "అమ్మా, దొంగను నేను. ఇంటికి రా" అన్నాడంట. ప్రసన్నకు ఏమీ అర్థం గాలేదు. ఆయన కండ్లు చూసి సంచి ఎత్తుకొనింది. బస్సులో అంతా చెప్పినాడంట.

నేను పోయి మంచం కాడ కూసున్నా. ఫోను దిండు కింద ఉండాది. "ఏంది నాయనా ఇది?" అంటి. ఫోను తీసి ఎదమీద పెట్టుకున్నాడు. ఆపైన ఇట్ల చెప్పినాడు, ఆయన మాటలే రాస్తాండా.

"పాట ఇంటా ఉంటే పైనుంచి ఒగ పటం దిగొచ్చిందిరా. ఎవురి బిడ్డో అనుకున్నా. మళ్ళా సూస్తే మీ యమ్మ నొసలు. ఇంగోతూరి సూస్తే నా ముక్కు. నీకూ వస్తాయనుకున్నా, పేపరు అందరిండ్లకూ ఒగటే వచ్చినట్ల. నువ్వే నా కాడ దాస్తాండావనుకున్నా. పిల్లోడి తలెంట్రుకలకు పోయే ముందన్నా 'రా నాయనా' అంటావని మొలతాడు తీసి పెట్టుకుంటి. నువ్వు అనలేదు."

మరి ప్రసన్న పోయినప్పుడన్నా చెప్పొచ్చు గదా అంటి. గోడ తట్టు తిరిగి పండుకున్నాడు. "అప్పుడు తెలిసింది, నా ఒక్కడికే వస్తాండాయని. చెప్తే నువ్వు సరిచేస్తావు. సరిచేస్తే నాకు పిల్లోడు రాడు" అన్నాడు. ఆ తట్టు తిరిగే ఇంగో మాట అన్నాడు. "ఆయమ్మి పేరు ఎత్తొద్దంటి. ఎత్తలేదు గదరా. సదువుకున్నా, అంతే. నా పేరే పెట్టుకొనింది బిడ్డకు, వెంకటరమణ అని. నువ్వు ఒగ తూరన్నా చెప్పినావా?"

యాడ చెప్పేది? నీ పేరు ఎత్తితే లేసి పోతానన్న మనిషికి నీ బిడ్డ పేరు ఎట్ల చెప్పేది?

నువ్వు భయపడతాండావే, ఆ మాట గూడా అడిగినా. తాత లేడని చెప్తానని రాసినాది, కోపంలో రాసినాది నాయనా అంటి. "నేను చేసిన పనికి ఇంగేం రాస్తాదిరా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది రూపా. బయటికి పోయి ముఖం కడుక్కొని వచ్చినా.

నిన్న బజార్లో ఫోన్లు బాగుచేసే పాల్ కాడికి పోయినా. పాత కంపెనీ కాడ నా నెంబరు తీసేస్తే నీవన్నీ నా కొత్త ఫోనుకే వస్తాయన్నాడు. ఒగ్గసారి నొక్కితే చాలంట. ఇంటికొచ్చి నొక్కబోతే నాయన వాకిట్లో నిలబడుకొని చూస్తా ఉండాడు. వద్దనలేదు. నేను నొక్కలేకపోయినా. మెసేజీలు నీవి. తీసేయమంటే తీసేస్తా. నువ్వే చెప్పు.

నేనూ ప్రసన్నా శనివారం సాయంత్రానికి కారు మాట్లాడుకొని వస్తాం. మీ అత్త తమ్ముడికి చెప్పేయ్, ఒడి నాదే అని. నాయనను గూడా రమ్మని అడిగినా. "ఆయమ్మి పిలిచింది నిన్ను. నాకు పిలుపు లేదు. పిలవని పేరంటానికి నేనెట్ల వస్తా?" అన్నాడు. నేను నీకు రాసిన మాటే. ఎవురి పోలిక వచ్చిందో చూడు నాకు.

నరేంద్ర


తిరుపతి,
13 నవంబర్ 2025

అన్నా,

గంగాధరం వ్యాను తిరిగి బయల్దేరే లోపల రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే సర్దుకో.

వదినతో నిన్న ఫోన్లో మాట్లాడాను. సగం మాటలు, సగం ఏడుపు. పట్టుచీర తెస్తానంది. తేవద్దు, అదే కట్టుకుని రా అన్నాను. అత్త తమ్ముడికి నేనే పోయి చెప్పాను. ఆయన సరేనన్నాడు, మా అత్తే మూతి ముడుచుకుంది. "ఇన్నాళ్ళూ ల్యాని మేనమామ యాడినుంచి ఊడిపడినాడు?" అంది. పలమనేరు నుంచి అన్నాను.

నువ్వు అడిగినదానికి జవాబు: తీసేయొద్దు. ఆ నెంబరు ఆ ఫోన్లోనే ఉండనీ. నీకు రాయాలంటే ఇక మీద వాట్సాప్‌లో రాస్తాను. దాచుకోవాల్సిన అవసరం ఇంకేముంది? ఆ దారి నాయనది.

మొన్న మధ్యాహ్నం ఆ దారిలో ఒకటి పంపాను. నీకు రాదు కనక ఇక్కడ రాస్తున్నాను. "నాయనా, ఆదివారం నీ మనవడికి పుట్టెంట్రుకలు. ఒడి అన్న ఇస్తాడు. మొలతాడు కట్టడానికి తాత కావాలి. నువ్వు రావాలి. రూప." రాసి, చెరిపి, మళ్ళీ రాసి పంపాను. నాలుగేళ్ళ తరవాత ఆయనకు రాసిన మొదటి మాటలు ఇవే.

అన్నాల వేళ దాటింది. గుర్తు పడలేదు. ఎప్పుడూ ఇంత ఆలస్యం కాలేదు. సాయంత్రమూ పడలేదు. నువ్వు తొందరపడి నొక్కేశావేమో అనుకున్నాను. వానకు మీ వైఫై పోయిందేమో అనుకున్నాను. చదవకుండానే పక్కన పడేశాడేమో అని కూడా అనుకున్నాను. ల్యాబులో ఒకరి రక్తం సీసా మీద ఇంకొకరి పేరు అంటించబోయి తిట్లు తిన్నాను. నిన్నంతా అంతే.

ఈ పొద్దున గుర్తు పడింది. జవాబు లేదు. ఆయనకు టైపు చేయడం రాదని నాకు తెలుసు. తెలిసీ ఫోను కింద పెట్టలేకపోయాను. చిన్నబ్బకు అన్నం పెడుతూ చూశాను, బస్సులో చూశాను. మధ్యాహ్నం, ఆయన ఎప్పుడూ నావి చదివే వేళకు, ఒక ఫోటో వచ్చింది. వేలు అడ్డం పడి సగం నల్లగా ఉంది. మిగతా సగంలో అరచేయి, చేతిలో మొలతాడు. వెనక మంచం మీద ఇస్త్రీ చేసిన పంచె, తువ్వాలు, పక్కన చేతిసంచి.

ఇంటికి రాగానే చిన్నబ్బకు చూపించాను. ఇది ఎవరి చెయ్యి అని అడిగాడు. మీ తాతది అని చెప్పాను.

అన్నా, శనివారం వచ్చే కారులో ముందు సీటు నాయనకు వదిలేయ్. వెనక కూర్చుంటే ఘాట్ రోడ్డులో ఆయనకు తల తిరుగుతుంది.

రూప